ఏడువందల ఎనభై

తెర మీద గోడలకు చెమ్మ ఉండదు.
నల్లటి ఖాళీలో తెల్లగా రెండు గీతలు,
మధ్య దూరం రెండువందల ముప్పై,
అంతే, ఇటుక గోడ.
తలుపంటే పావు వంతు వృత్తం.
తప్పు గోడ కట్టేస్తే రెండు వేళ్ళు చాలు,
కాలం ఒక మెట్టు వెనక్కి దిగుతుంది.

కమ్మనహళ్ళిలో మిద్దె మీద మా ఆఫీసు.
కింద పరోటా బండి,
పైన ఎనిమిది మందిమి, పన్నెండు తెరలు.
రోజంతా ఇళ్ళు కడతాం
నూనె మరక పడకుండా.

డిప్లొమాలో మా డ్రాయింగు సారు అనేవాడు,
గీత అబద్ధం చెప్పదమ్మా,
గీసినోళ్ళే చెప్తారు.

వర్తూరు దగ్గర తొమ్మిదో అంతస్తు.
లేజరు ఎర్రచుక్క
ఈ మూల మూడువేల నలభై ఎనిమిది అంది,
ఆ మూల మూడువేల ముప్పై ఒకటి.
పదిహేడు మిల్లీమీటర్లు ఎవరు మింగారో!
వడ్రంగి భన్వర్‌లాల్ నవ్వి
చెవి మీది పెన్సిలు తీసి
గోడ మీదే రాసుకున్నాడు.

వంటగదిలో ఈరమ్మ.
యాదగిరి నుంచి వచ్చిందట.
బోర్లించిన నీలం పాల ట్రే మీద నిలబడి
పోపు వేస్తోంది.
దిగి, ట్రేని కాలితో సింకు దాకా తోసి, ఎక్కి,
మళ్ళీ దిగి, మళ్ళీ తోసి, పొయ్యి దగ్గర ఎక్కి.
రోజుకి ఎన్ని మెట్లో ఆ ఇంట్లో,
మెట్లే లేని ఇంట్లో.

మా ఫారంలో
హ్యాండిల్ రకం ఉంది, వాస్తు ఉంది, బడ్జెట్ ఉంది.
వంట ఎవరు చేస్తారన్న గడి లేదు.
ఎత్తు అన్నచోట ఋత్విజ గారు
తనది రాసింది: ఐదడుగుల ఏడు.

ఆ రాత్రి గట్టు ఎత్తు దగ్గర ఆగాను.
ఎనిమిదివందల అరవై.
ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో,
ఆంజనేయుడి తోకలా ప్రతి ఫైలుకీ అదే.
ఈరమ్మ మోచేయి
నా కళ్ళకు ఇంకా అక్కడే ఉంది, గాల్లో.
ఏడువందల ఎనభై అని కొట్టాను.
పై అరల్నీ దించాను.

త్రీడీలో పట్టుబడ్డాను.
నమూనాకి నిలబెట్టే ముఖం లేని బూడిద మనిషి
గట్టు ముందు తాటిచెట్టులా ఉంది.
స్కేలు అని కొట్టి, పాదాల దగ్గర చుక్క పెట్టి,
సున్నా పాయింటు తొమ్మిది ఒకటి.
మనిషి ఒదిగింది.
పొద్దున పదిగంటల ఎండ పెట్టాను,
నల్లరాయి మీద మెరుపు పెట్టాను.
చూసేవాళ్ళు ఎండనే చూస్తారు.

ఋత్విజ గారు బొటనవేలి బొమ్మ పంపింది.

అంకె దాచలేదు నేను.
కుడి అంచున, రెండున్నర మిల్లీమీటర్ల అక్షరాల్లో ఉంది.
ఆవిడ సంతకం దాని పక్కనే ఉంది.
ఈ మాట నాకు నేనే
చాలాసార్లు చెప్పుకున్నాను.

భన్వర్‌లాల్ మాత్రం చదివాడు.
అంకెను వేలితో రెండుసార్లు తట్టాడు.
నా వైపు చూశాడు, ఈరమ్మ వైపు చూశాడు,
కాగితం తిప్పేశాడు.

వానాకాలంలో ఫోను,
సొరుగు కిర్రుమంటోందని.
వెళ్ళాను, చానెల్ బిగించాను.
ఋత్విజ గారు నడుం మీద చెయ్యేసుకుని
"ఆదివారం నాలుగు కప్పులు కడిగితే పట్టేస్తోంది.
గట్టు కిందికి ఉన్నట్టు లేదూ?"
టేపు లాగాను, చూపించాను.
"డ్రాయింగు ప్రకారమే ఉంది మేడమ్."
ఒక్క మిల్లీమీటరు తేడా లేదు.
చెవులు మాత్రం వేడెక్కాయి.

బాల్కనీలో నీలం ట్రే,
వెల్లకిలా, మట్టి నింపుకుని,
పుదీనా.

ఈరమ్మ జొన్నరొట్టె తడుతోంది,
భుజాలు జార్చి, తీరిగ్గా.
నన్ను గుర్తుపట్టలేదు.
స్వల్ప సరీరీ, అంది కన్నడంలో,
పెనం కాలుతోందని.
జరిగాను.