మూడో అంకం

కారిగ్‌మోర్ చర్చి హాల్లో, కుడిపక్క తెర వెనక
చీపుళ్ళకీ బకెట్లకీ మధ్య ఒక ఎత్తుపీట, ఒక టార్చి.
ఇరవై ఆరేళ్ళుగా అది నా చోటు.
మర్చిపోయినవాళ్ళకి మాట అందిస్తాను.
నా గుసగుస మూడో వరస దాకా వినపడుతుందని వెక్కిరిస్తారు.
వినపడనీ.
డబ్బిచ్చినవాళ్ళు మాట వినాలి కదా,
ఎవరి నోటినుంచైతేనేం.

ఈ ఏడాది నాటకం లైఫ్‌బోటు ఇంజను కోసం.
పాతది దగ్గుతోంది,
ఒక్కో పొద్దున అసలు లేవనంటోంది.
టికెట్టు పన్నెండు యూరోలు, పిల్లలకి ఐదు,
విరామంలో టీ, గుడ్డు శాండ్‌విచ్.
లాటరీలో ఒక బస్తా బొగ్గు, డింఫ్నా అల్లిన స్వెట్టరు.
పోయినేడూ అదే స్వెట్టరు.
గెలిచినవాడు తిరిగి ఇచ్చేశాడు.

నాటకం ఉత్త నవ్వులాట.
పెళ్ళి జరిపించే బిషప్పు బిషప్పు కాదు,
పెళ్ళికూతురి మేనత్త మేనత్త కాదు.
బిషప్పు వేషం చేపల ఫీలిమ్‌ది.
మేనత్త కోల్మన్, ఆరడుగుల మనిషి.
మీసం తియ్యనన్నాడు.
సరే, మీసమున్న మేనత్తే అన్నాం.
పెళ్ళికొడుకు పోస్టాఫీసు ఓరన్.
వాడికి మాటలు నిలవవు.
అరచేతిలో రాసుకుంటాడు, చెమటకి చెరిగిపోతాయి,
అప్పుడు నా వైపు చూస్తాడు
దూడ తల్లివైపు చూసినట్టు.

శనివారం రాత్రి.
రేకుల కప్పుమీద గాలి
గులకరాళ్ళు దొర్లిస్తోంది.
రెండో అంకం చివర, మేనత్త మూర్ఛపోవాల్సిన చోట
కోల్మన్ లంగా మడతల్లో పేజరు మోగింది.
జనం నవ్వారు, అదీ నాటకమే అనుకుని.
తర్వాత ఫీలిమ్‌ది మోగింది.
తర్వాత, లైట్లు చూసే బ్రోనాది.
నవ్వు ముందు వరసలో ఆగింది,
అక్కణ్ణించి వెనక్కి ఒక్కో వరసా ఆగుతూ పోయింది
ఇంట్లో ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ వెళ్ళినట్టు.

బిషప్పు మెట్లు దూకాడు.
మేనత్త లంగా ఎత్తిపట్టి పరుగెత్తింది.
తీసిన తలుపులోంచి గాలి దూరి
మా అట్టముక్కల గోడని పడేసింది.

వేదిక మీద ఓరన్ ఒక్కడే,
కోటుకి కాగితం పువ్వు.
నా వైపు చూశాడు.
ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి
అందించడానికి నా దగ్గర మాట లేదు.

డింఫ్నా లేచి కెటిల్ పెట్టింది.
ఎవరూ ఇంటికి పోలేదు, ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు.
టికెట్ల డబ్బు దాచిన బిస్కెట్ల డబ్బా
వరసల్లో తిరగడం మొదలైంది,
ఎవరు తిప్పారో తెలీదు.
చిల్లర చప్పుడు లేదు. అన్నీ నోట్లే.
మాలకీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.
పదకొండేళ్ళ కిందట పడవ ఆలస్యమైంది అతని కొడుకు దగ్గరికే.
మూత పెట్టి పక్కవాడికి అందించాడు.
ఏం వేశాడో నేను చూడలేదు.

ఎవరో పిల్ల అడిగింది, తర్వాత ఏమవుతుందని.
పుస్తకం పట్టుకుని తెర ముందుకొచ్చాను.
బిషప్పూ నేనే, పెళ్ళికొడుకూ నేనే.
మేనత్త మూర్ఛ తేరుకుని
"నేనెక్కడున్నాను?" అనే చోట
జనం పగలబడి నవ్వాలి.
కెటిల్ మూత ఒక్కటే కొట్టుకుంది.

మూడున్నరకి వచ్చారు.
ఇంజను రెండుసార్లు ఆగిందట, తిట్టి తిట్టి లేపారట.
వాళ్ళతో ఒక బ్రెటన్ ముసలాయన, దుప్పటి కింద వణుకుతూ.
"నీళ్ళలోంచి తల ఎత్తితే
ఎర్ర పెదాలు, గుబురు మీసం, హెల్మెట్.
స్వర్గం ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదే" అన్నాడు.
అప్పుడు నవ్వారు జనం.
కోల్మన్ ఏడ్చాడు, రంగు అంతా గడ్డం దాకా కారింది.

డబ్బాలో మూడువేల నాలుగువందల పదహారు యూరోలు,
ఒక కోటు గుండీ.
ఇంజను ధర అడగకండి.

వచ్చే శనివారం మళ్ళీ ఆడతాం, మొదటినుంచి.
పాత టికెట్టు చెల్లదు.
ఓరన్‌కి మాటలు నేర్చుకోమని చెప్పాను.
నేర్చుకోడు.