జానెడు కింద

మా దగ్గర రెండు రకాల కవర్లుంటాయి.
ఒకదాంట్లో, మీ భుజంలో కండర చిరిగింది,
జాగ్రత్తగా ఉండండి అని.
రెండోదాంట్లో, నొప్పి ఉన్నంతమాత్రాన
చెయ్యి చెడిపోయినట్టు కాదు, మెల్లగా కదపండి అని.
ఎవరికి ఏది అన్నది చీటీ చెబుతుంది.
మాట మారితే నొప్పి మారుతుందా అన్నది ప్రశ్న.
భానోజీ సారు దానికి పొడుగాటి పేరు పెట్టారు.
నేను కవర్లు మోసే మనిషిని.

గరికిన దానయ్య, నలభై ఆరు, కుడి భుజం.
చేపలరేవులో బోటు మీద వల లాగే పని.
చీటీలో మొదటి కవరు వచ్చింది.
అంతకుముందే ఎవరో చెప్పి ఉన్నారట,
కదిపావో, ఇక ఆ చెయ్యి నీది కాదని.
మూడు నెలలు ఆ చెయ్యిని
జ్వరమొచ్చిన పిల్లలా ఒళ్లో పెట్టుకు కూచున్నాడు.
బోటులో వాటా బావమరిదికి పోయింది.
ఒళ్లో చెయ్యి, చేతిలో ఫోను, ఫోనులో పేక.

రెండో ఫారం వేరే ప్రాజెక్టుది. తొమ్మిది ప్రశ్నలు.
ఆడకపోతే చిరాగ్గా ఉంటుందా?
పోయింది రాబట్టాలని మళ్లీ ఆడారా?
ఇంట్లో అబద్ధం చెప్పారా?
తొమ్మిదింటికీ అవునన్నాడు,
ఏ చేప ఎన్ని కేజీలో చెప్పినంత మామూలుగా.
ఆఖర్న తనే ఒకటి అడిగాడు:
“సెయ్యి కదపొద్దన్నారు గానీ
ఏలు కదపొద్దని ఎవులు సెప్పారమ్మా?”
ఆ ప్రశ్న రాసుకోడానికి
నా దగ్గర గడి లేదు.

నూకరత్నం ఫోనుని అటక మీద పెట్టింది.
పారెయ్యడానికి లేదు,
కూతురి కాలేజీ కబుర్లన్నీ అందులోకే వస్తాయి.
“ఆ సెయ్యి అంతెత్తు లేవదు గదా,
ఇంక తాళమెందుకు?” అని నవ్వింది.
ఎడంచేత్తో అందుతుంది కదా అన్నాను.
దానయ్యకి నిజంగా కోపమొచ్చింది.
“ఎడంసేత్తో తీసిన ఫోన్లో ముక్క పడదు.”

ఆరు వారాలయ్యాక నియమం ప్రకారం
రెండో కవరు కూడా ఇవ్వాలి. ఇచ్చాను.
వేళ్లతో గోడెక్కడం నేర్పాను,
చూపుడువేలు, మధ్యవేలు, బల్లి నడకలా,
రోజుకి ఒక వేలెడు పైకి.
ఉప్పుగాలికి పెచ్చులూడిన ఆ గోడ మీద
పెన్సిలు గీతలు లేచాయి.
పక్కన కూతురి దస్తూరీలో తేదీలు.
ఆ గోడకి పైన ఏముందో
గీతలు నడుమెత్తు దాటాక గానీ నాకు తట్టలేదు.
నేను నేర్పిన నిచ్చెన
తిన్నగా అటకకే వెళుతోంది.

తిరుగు బస్సులో, కంచరపాలెం వచ్చేలోగా,
సారు ఏమైనా పంపారేమోనని
పదకొండుసార్లు ఫోను తీశాను.
లెక్కపెట్టడం మాకు అలవాటు.
ఆ పదకొండు ఎక్కడా రాయలేదు.

ఆఖరిసారి వెళ్లేసరికి
గీతలు అటకకి జానెడు కింద ఆగిపోయి ఉన్నాయి.
పది రోజులు ఒకేచోట గీసి గీసి
పెన్సిలు గోడలోకి దిగింది.
పైన ఫోను ఒకసారి గుర్రుమంది,
మీకోసం వంద రూపాయల బోనస్ అనో, ఏదో.
ముగ్గురం విన్నాం, ఎవరూ తలెత్తలేదు.
“భుజం?” అన్నాను.
“బానే ఉందమ్మా.”
“ఇంకా పైకి లేవదా?”
“ఇక్కడికి సాలు.”

చెప్పులేసుకుంటుంటే కూతురు అంది,
రాత్రి వానకి నాన్నే మేడ మీద బట్టలు తీశాడని,
కుడిచేత్తోనే.
మేడకెళ్లి చూశాను. ఆ తీగ
అటక కన్నా బెత్తెడు ఎత్తు.

చెయ్యి ఎక్కడిదాకా లేచింది? రాశాను.
నొప్పి వల్ల ఆగిందా? అవును, కాదు.
ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు.
కాదు అని నొక్కాను.
మరెందుకు ఆగింది అని
అది అడగలేదు.