తవుడు

డెబ్బై ఆరు, ఆగస్టు. కింగ్‌స్టన్.
స్టూడియో అంటే ఏముంది,
గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టిన గది,
చప్పుడు చేస్తుందని ఆపేసిన ఫ్యాను.
ఎనోస్ ట్యులక్ సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
అటునుంచి అటే వచ్చాడు.
కనుబొమల మీద బూడిదరంగు అలాగే ఉంది.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు.
టీ పెట్టడం, టేపు ఎక్కించడం,
చెప్పినచోట బ్లేడుతో కోయడం నా పని.

బర్చెల్ డ్రమ్ముల ముందు కూర్చున్నాడు.
అతను మొదటి దెబ్బ కొట్టడు.
రావలసినవాళ్ళెవరికో పీట వేసి ఉంచినట్టు
ఆ చోటు వదిలేస్తాడు.
రెండోది గిటారుకి ఇచ్చేస్తాడు.
మూడో దాని మీద పడతాడు, ఒళ్ళంతటితో,
బావిలోకి చేద జారినట్టు.
బేసు మనకి వినబడదు.
ముందు కుర్చీకి వినబడుతుంది,
గ్లాసులో నీళ్ళకి వినబడుతుంది,
ఆ తర్వాత కడుపుకి.

ఎర్రదీపం వెలిగింది.
ఎనోస్ దగ్గాడు. పొడి దగ్గు, రెండుసార్లు.
"ఇవాళ్టి బస్తా ఇంకా దిగలేదురా" అన్నాడు.
ఎవరో నవ్వారు.
బయట మేక అరిచింది.
ఆ నవ్వు ఆగకముందే పాట మొదలైపోయింది.

నాలుగు నెలలకి లండన్ నుంచి ప్రిచర్డ్ వచ్చాడు.
మంచివాడే, అబద్ధమెందుకు, నాకు బూట్లు కొనిపెట్టాడు.
ఇంత బరువు బేసుని అక్కడి రేడియోలు మోయలేవన్నాడు.
మొదటి దెబ్బ ఖాళీగా ఉంటే
అడుగెక్కడ వేయాలో తెలియక
జనం నిలబడిపోతారన్నాడు.
వేసి ఉంచిన పీట మీద
చప్పట్లు తెచ్చి కూర్చోబెట్టాం.
ముగ్గురమ్మాయిల చేత "ఊ" అనిపించాం.
కొబ్బరినూనె రాసి పాపిడి తీసిన తలలాంటి
కీబోర్డు ఒకటి పైన పరిచాం.
రెండో చరణంలో అద్దె వసూలుకొచ్చేవాడు ఉండేవాడు,
వాణ్ణి ఖాళీ చేయించి
సముద్రపొడ్డునీ వెన్నెలనీ దింపాం.

దగ్గు కోసింది నేనే.
బ్లేడు ఏటవాలుగా పెట్టాలి, అతుకు తెలియకూడదు.
నాలుగు సెకన్లు. ఐదడుగుల టేపు.
ఎనోస్ భార్య హయసింత్ అంత పొడుగు.
చెత్తబుట్టలో వేయబోయి, ఎందుకో,
బిస్కెట్ల డబ్బాలో చుట్టిపెట్టాను.

పాట లోకం చుట్టొచ్చింది.
లిఫ్టుల్లో ఎక్కింది, దిగింది.
పళ్ళ డాక్టరు దగ్గర నోళ్ళు తెరిచి విన్నారు.
పాలిష్ పట్టిన బియ్యం తెల్లగా ఉంటుంది,
మెతుకుకి మెతుకు అంటుకోదు,
పెళ్ళిళ్ళకి బాగుంటుంది.
తవుడు కోళ్ళు తింటాయి.

ఎనోస్ పోయి పదకొండేళ్ళు.
ఇప్పుడు బెర్లిన్ నుంచి పిల్లలొస్తున్నారు,
మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని.
అసలుది కావాలంటారు, గరుకుది,
ఎవరూ చెయ్యి పెట్టనిది.
హయసింత్ వాళ్ళకి నిమ్మరసం ఇస్తుంది.
"ఈ ఇంటి కప్పు ఆ నున్నటి పాటదే.
మా పిల్ల నర్సు చదువు దానిదే.
ఆసుపత్రిలో ఆఖరి మూడు నెలలూ దానివే.
గరుకంటారా,
గరుకుని నేను ఉతికాను నాయనా, ఇరవై రెండేళ్ళు.
ఆ చొక్కా ఒక్కనాడైనా తెల్లబడలేదు."
వాళ్ళు తలలూపి రాసుకుంటారు.
నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

మొన్న ఆదివారం చర్చి నుంచి
టోపీ కూడా తీయకుండా నా గదికొచ్చింది.
"ఆ దగ్గు నీ దగ్గరుందట."

డబ్బా మూత తుప్పుపట్టి రాలేదు, చెంచాతో లేపాను.
రెండు వైపులా ఖాళీ టేపు అతికించి
పాత మెషీను మీదకి ఎక్కించాను.
చేతులు వణికాయి, అతుకు వంకరగా వచ్చింది.
ఎవరు చూడొచ్చారు.

దగ్గు. దగ్గు. బస్తా. నవ్వు. మేక.

"పాట కూడా వేయనా?" అన్నాను.
"పాట రోజూ బస్సులో వింటున్నాను కదా.
అదే మళ్ళీ వెయ్యి."

ఆరోసారో ఏడోసారో
చేతికర్ర మోకాలికి ఆనించి
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.
"ఆ నవ్వింది నేనే.
అన్నం డబ్బాతో తలుపు దగ్గర నిలబడ్డాను.
నువ్వు చూడలేదు, టేపు చూస్తున్నావు."

ఇన్నేళ్ళూ ఆమె నవ్వు
నా బీరువాలో బిస్కెట్ల వాసనేస్తూ ఉందన్నమాట.
ఏం చెప్పాలో తెలియక వెనక్కి తిప్పాను.

మేక ఎవరిదో మాత్రం
ఎంతసేపు ఆలోచించినా
ఇద్దరికీ గుర్తు రాలేదు.