కన్ను విప్పని కాయ

గుట్టమీద కాయ తెంపుడు
అందరికొచ్చే పని కాదు ప్రభువా.
సీతాఫలం కండ్లు విప్పాలె.
కన్నుకూ కన్నుకూ నడుమ
పచ్చతనం పలచబడి తెల్లగీత పారాలె.
అంతకు ముందే తెంపితివా,
ఎండుగడ్డిల ఎన్ని దినాలు పండబెట్టినా
నల్లగ మాడి రాయైతది.
ఈ ఇద్దె మా అత్త నేర్పింది.
ఓపిక మాత్రం ఎవ్వరూ నేర్పలే.

ఓబేదుకు ఈ దసరాకు అయిదేండ్లు నిండినయ్.
ఒక్క మాట లేదు.
అమ్మా అని లేదు, ఆకలని లేదు.
బువ్వ కావాలంటే గిన్నె తెచ్చి
నా కాళ్లమీద పెడతడు.
కోఠి దవాఖానల చెవులకు వైర్లు పెట్టి చూసిండ్రు.
"ఇనపడ్తున్నది. మాట జర ఎన్కముందైతది,
ఓపిక పట్టమ్మా" అన్నడు డాక్టరు
చీటీ రాసుకుంటనే,
ముఖం ఎత్తకుంట.

జకర్యా అయ్యగారు మోకాళ్లమీద పడి
పోరని పెదాలకు నూనె రాసిండు.
"ఆయన మాటిచ్చి తప్పేటోడు కాదు" అన్నడు.
ఆ మాట కొంగున ముడేసుకున్న,
బస్సు కిరాయి చిల్లరతోని కలిపి.
ఆ ముడి ఎన్నిసార్లు ఇప్పిన్నో,
ఎన్నిసార్లు మళ్ల కట్టిన్నో.

నిజం చెప్తున్న,
అన్ని దినాలూ నమ్మలే.
బాలానగర్ చౌరస్తల గంప పెట్టుకోని కూసుంటే
కర్నూలు బస్సు కిటికీలకెళ్లి ఎవరి పిల్లనో
"అమ్మా, సీతాఫలాలు!" అని అరుస్తది.
ఆ ఒక్క పిలుపుకు
గంపకు గంప ఇచ్చేద్దామనిపిస్తది.
ఇయ్యలే. డజను ఎనభై అన్న.
ఆ రాత్రి నిన్ను తిట్టిన గూడ.
నీకు తెలుసు.
నువ్వు తిరిగి తిట్టలే.

నిన్న గుట్టమీద
నేను తెంపబోయిన కాయకు
ఓబేదు చెయ్యి అడ్డం పెట్టిండు.
తల అడ్డంగ ఊపిండు.
చూస్తే నిజమే, కన్ను విప్పలే.
నా తొందరల నాకు కనపడలే.
వాడు కొమ్మలకింద వంగి వంగి తిరిగి
తెల్లగీత పారిన దాన్ని పట్టి చూపిచ్చిండు.
మా అత్త ఇద్దె వానికెవరు నేర్పిరి?
ఇన్నొద్దులూ నా చేతులు చూస్తనే ఉన్నడు,
నేనే వాని నోరు చూసుకుంట కూసున్న.

గుట్ట దిగుతుంటే తట్టింది.
మాట్లాడని నోరు
మా ఇంట్ల వానిదొక్కటే కాదు.

సువార్తమ్మ. మా తోడికోడలు.
నడుమ ఒక్క మట్టిగోడ.
"తల్లి పాపం పిల్లగాని నాలికమీదికొచ్చింది" అన్నదని
మూడేండ్లాయె నేను నోరిప్పక.
ఐతారం ఒక్క చాపమీద కూసుంటం,
ఒక్క పళ్లెంల రొట్టెముక్క తీసుకుంటం,
ఆమె దిక్కు చూడను.
ఆమె పెనిమిటి భీవండిల కాలిరిగి పడ్డా
ఏమైందక్కా అనలే.

మూడేండ్లు ప్రభువా,
ఆలస్యం నీదేననుకోని
నీ తలుపు కొట్టుకుంట నేను కూసుంటే
నువ్వు నా కొమ్మకాడ నిలబడి
ఈమె కన్నెప్పుడు విప్పుతదా అని
చెయ్యి చాపకుంట చూస్తున్నవా?
తెంపితే రాయైతనని తెలిసే
తెంపలేదా?

పొద్దుమూకినంక
నాలుగు కాయలు ఒళ్లేసుకోని పోయిన.
ఆమె బియ్యం చెరుగుతున్నది.
అక్కా అనబోతే గొంతుల గరగర,
మూడేండ్ల తుప్పు.
సగమే బయటికొచ్చింది.
ఆమె చాట ఆపింది.
చాలాసేపు కాయల దిక్కే చూసింది.
"రెండు ఇంక గట్టిగున్నయ్" అన్నది.
"కన్ను ఇప్పినయే. గడ్డిల పెట్టు" అన్న.
అంతే. అంతకంటే ఏం కాలే.

ఓబేదు ఇయ్యాల గూడ మాట్లాడలే.
గిన్నె తెచ్చి కాళ్లమీద పెట్టిండు.
బువ్వేసిన.
పండుకునే ముందు కొంగుముడి ఇప్పి చూసుకున్న.
నీ మాట అట్లనే ఉన్నది.
చిల్లరల మాత్రం
రెండు రూపాయలు తక్కువున్నయ్.