అంబలి బాకీ

సిరొంచల కరెంటు పోయిందంటే
ప్రాణహిత అవతలి దీపాలు ఇంకింత దగ్గరికొస్తయి.
ఇస్మాయిల్ జిరాక్సు షాపు షట్టరు సగం దించుతడు.
మొంబత్తి సుట్టు నలుగురం కూసుంటం.
తునికాకు లెక్కల పాత పుస్తకం,
దాని ఎనుక అట్ట మీద నేను గీసిన రాజ్యం.
ఇరవై మొకాల పాచిక ఒక్కటే మిగిలింది,
రెండోదాన్ని ఎలుక ఎత్తుకపోయింది,
దాని బదులు చింతగింజలు.

కథ చెప్పేది నేను.
పులి అరుపు నాదే, సత్రపామె దగ్గూ నాదే.

మూడు వారాలు కొట్లాడి సడవలి
రెక్కల పామును సంపిండు.
దాని గుహల బంగారం గోనెలకెత్తి
ముగ్గురు ఎల్వాడకొచ్చిన్రు.
ఆ ఊరు ఆ పొద్దే పుట్టించిన,
నలభై పొయ్యిలు, ఒక సత్రం.
సత్రపామె పేరేందన్నరు.
తోచక మా చిన్నమ్మ పేరు చెప్పిన: మల్లుబాయి.

సడవలి బంగారు నాణెం బల్ల మీద ఇసిరిండు.
"మూడు గిన్నెల అంబలి. మిగిలింది ఉంచుకో."

ఆట పుస్తకంల ధర రాసే ఉంది:
అంబలికి రెండు రాగిబిళ్లలు, బంగారానికి రాగి వంద.
రాసినాయన ఎన్నడూ సంతకు పోయినట్టు లేదు.

మల్లుబాయి నాణెం ముట్టలే.
నేను అనుకోకముందే నా నోట్లకెళ్లి ఆమె అన్నది:
"చిల్లర లేదు బిడ్డా."

"ఉంచుకోమంటున్న గద!"

"ఉంచుకుంటె ఏడ ఉంచాలె?"

అప్పుడు ఎల్వాడను లెక్కగట్టిన.
మూడిండ్లకు కలిపి ఒక నాగటికర్రు,
వంతు వచ్చేదాక వాన ఆగదు.
ఊరంతటికి ఒకటే కంచుతలె,
ఏ ఇంటికి అల్లుడొస్తె ఆ ఇంటికి పోతది.
ఎండిన ఇప్పపువ్వు ఎనిమిది కుంచాలు,
అందుల ఐదు పోయినేటి ఉప్పుకే పోయినయి.
రాగిబిళ్లలు, గడప గడపా ఊడ్సినా డెబ్బైమూడు,
అండ్ల ఒకదానికి బొక్క,
ఎవని పిల్లగాని మొలతాడుకో ఉండె.

రేపు మల్లుబాయి ఈ బంగారం సంతకు తీస్కపోతె
ఉప్పుశెట్టి ముందు నాణెం చూస్తడు,
తర్వాత ఆమె చీర చూస్తడు,
తర్వాత గడికి కబురు పంపుతడు.
పామును సంపినోనికి పేరు,
పాము సొమ్ము దొరికినామెకు దెబ్బలు.

సడవలికి కోపమొచ్చింది.
"ఆట కాదా ఇది?
పొద్దంత కల్లంల కట్టలు లెక్కవెట్టిన,
యాభై ఆకులు, కట్ట, యాభై ఆకులు, కట్ట,
నలభై తొమ్మిదుంటె ముసల్ది కాళ్లు వట్టుకున్నది.
ఈడ గూడ లెక్కలేనా?
ఒక్క రాత్రన్న నన్ను పైసలు ఇసిరెయ్యనియ్యున్రి."

ఎవ్వలం మాట్లాడలే.
మైనం కారి పటం మీద ఒక వాగు మునిగింది.

మడావి రుక్కు మా మంత్రగత్తె.
మంత్రం ఎయ్యలే, పాచిక ముట్టలే.
"సత్రం గోడ మీద ఏమున్నది?" అన్నది.

గోడ సంగతి నేను తలువనే లేదు.
ఆమె అడిగినంక ఉన్నది:
బొగ్గుగీతలు.
ఎవరెన్ని గిన్నెలు తాగిన్రో,
కట్టెలమోపు తెచ్చి ఎవరు కొట్టేయించుకున్నరో.
సచ్చిపోయినోళ్ల గీతలు కొన్ని,
వాటిని ఎవ్వలు తుడువలే.

"ఐతె మాకూ మూడు గీతలు పెట్టుమను."

మల్లుబాయి బొగ్గు తీసి ఆగింది.
"మీదే ఊరు? మళ్ల వస్తరా?"

దీనికి ఆటల నియమం లేదు.
సడవలి అలవాటుకొద్ది పాచిక ఏసిండు.
పదిహేడు.
దేనికి పదిహేడో ఎవ్వలకు తెలువదు.

ఇస్మాయిల్ నవ్విండు:
"మూడు గోనెల బంగారముండి
అంబలికి పైసల్లేవు మన దగ్గర."

కరెంటొచ్చింది.
జిరాక్సు మిషను మూలుగుకుంట లేసింది.
సడవలి తన కాయితం దగ్గరికి గుంజుకున్నడు.
ఖడ్గం, డాలు, పాము కోర,
బంగారం మూడువేల రెండొందలు.
వాటి కింద, పెన్సిల్ నాలుకకు అద్దుకొని, రాసిండు:
ఎల్వాడ మల్లుబాయికి
మూడు గిన్నెలు. ఇయ్యాలె.