పెద్దపీట

హోబార్ట్‌లో మా అద్దె ఫ్లాట్ గోడలు
నీళ్ళెక్కువైన మజ్జిగ రంగు.
సోఫా బూడిదరంగు, పరదాలు బూడిదరంగు,
కిటికీలోంచి కనిపించే డెర్వెంట్ నది కూడా
జూన్ నెలలో మా సోఫాకి తోడబుట్టినట్టే ఉంటుంది.
ఆరేళ్ళుగా ఆ గదిలో
అన్నీ నామవాచకాలే.
వాక్యం పూర్తయ్యేది కాదు.

మూనాలో మూతపడిన ఓ హోటలు సామాను అమ్ముతుంటే
అక్కడ చూశాను దాన్ని:
పండుమిరప రంగు ముఖమల్,
ఎవరో పిలిస్తే చెవులు రిక్కించినట్టు రెండు రెక్కలు,
నిలువెత్తు వీపు,
కాళ్ళు మాత్రం కొంగ దగ్గర అరువు తెచ్చుకున్నట్టు.

ప్రభంజన్ ధరచీటీ తిప్పి చూశాడు.
"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్నాడు.
"తిననులే, ఊరికే కూర్చుంటాను" అన్నాను.

లిఫ్టులో పట్టలేదు.
తలకిందులుగా మూడంతస్తులు మోశాం.
మెట్ల తలుపు పట్టుకుని నిలబడిన మోరీన్
ఏమిటది అని అడగలేదు,
ఎవరది అంది.

కిటికీ మూలన దించామో లేదో
గదిలో తగువులు మొదలు.
దీపం ఇక్కడ కాదంది. జరిపాను.
అడ్డంగా పడుకున్న తివాచీని నిలువు చేశాం.
టీవీ తనంతట తనే చిన్నబోయి
పడకగదిలోకి వెళ్ళిపోయింది.
ఇంటి ఓనరు తగిలించిన సముద్రం బొమ్మ దింపితే
దాని వెనక గోడ
మజ్జిగ కాదు, గడ్డపెరుగు.
ఎరుపు పక్కన నిలబెట్టాకే తెలిసింది
మా సోఫా బూడిదలో
పావురం మెడంత నీలం ఉందని.

అంతా బాగుంది.
కూర్చున్నవాళ్ళే లేరు.
వచ్చినవాళ్ళు "అబ్బ!" అనేవారు, ఫోటో తీసుకునేవారు,
తర్వాత నలుగురూ సోఫాలోనే ఇరుక్కునేవారు.
మేమిద్దరం రాత్రుళ్ళు దానికెదురుగా,
తెర లేవని నాటకానికి టికెట్టు కొన్నవాళ్ళలా.
ఉతికిన బట్టలు నేలమీదైనా పడేశాం గానీ
దానిమీద వెయ్యలేదు.
పెద్దపీట వేశాం సరే,
ఎవరికి?

ఆగస్టులో వేడినీళ్ళు రావడం మానేశాయి.
గ్లెన్ అని, అరవై దాటిన ప్లంబరు,
గొట్టాల కింద గంటసేపు పడుకుని లేచి
మోకాలు పట్టుకుని నడిచొచ్చి
ఎవర్నీ అడక్కుండా
అందులో కూలబడ్డాడు.
రెక్కకి తల ఆనించి అరనిమిషం కళ్ళు మూశాడు.
మేం ఊపిరి బిగబట్టాం.
కళ్ళు తెరిచి, "ఇక్కణ్ణించి మీ ఇల్లు బాగుంది" అన్నాడు
బిల్లు రాస్తూ.

ఇక్కణ్ణించి!
మేమెప్పుడూ ఇక్కణ్ణించి చూడలేదు.

అతను వెళ్ళాక చేతిమీద
బొటనవేలంత గ్రీజు మరక.
ప్రభంజన్ సబ్బుతో రుద్దాడు,
అరచేయంత అయింది.
ఇంక పోయిందేముందని
కూర్చున్నాను.

చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అతను,
వెనక వంటింటి వెలుతురు,
చెవిపక్క జుట్టులో
సోఫా రంగు.
ఎప్పుడు అంటిందో, ఇంత దగ్గర్లో ఉండి
నేను చూడనేలేదు.

"ఇటు రా, ఒకసారి ఇక్కణ్ణించి చూడు" అన్నాను.
"నువ్వు లేస్తేగా" అన్నాడు.

లేస్తాను.
ఇంకాసేపట్లో.