సీస అడుగు

కంపెనీ చరిత్ర రాస్తున్నమని
ఫైలు పట్టుకొని వచ్చిండు బ్యాంకు పిలగాడు.
వేలం కాయితాలల్ల ఒక పేజీ ఉండాల్నట.
నాకు సంవత్సరాలు రావు బిడ్డా,
చప్పుళ్లు వచ్చు.

ఇరవై ఆరేండ్లు
సీసలు సల్లారే సొరంగం కొసకు కూసొని
ఒక్కోదాన్ని గోరుతోటి కొట్టి విన్న.
మంచిది గంట లెక్క మోగుతది.
పగులున్నది, కంటికి ఏం కనపడకున్నా,
పడిశం పట్టిన మనిషి లెక్క ముక్కుతోటి పలుకుతది.

రాసుకో.
మొదాల కాజీపేట పట్టాల పక్కన ఉత్త చెలక.
తాటిపల్లి విశ్వనాథం సేటు
మానేరు ఇసుక, బెల్లంపల్లి బొగ్గు తెచ్చి
మంట పెట్టిండు.
ఫిరోజాబాద్ నుంచి షఫీఖ్ ఉస్తాద్ దిగిండు,
బుగ్గలు కొలిమితిత్తుల లెక్క సాగి ఉండేటియి.
గొట్టం మొనకు నిప్పుముద్ద అంటించి ఊదితే
ఆయన ఊపిరి ఎంతో సీస అంత.
"హన్మకొండ మొత్తం నా ఊపిరిలకెల్లే సోడా తాగుతది"
అని నవ్వేటోడు, దగ్గుకుంట.

అచ్చు అడుగున "వి" చెక్కినోడు ఓదెలు.
అద్దంల చూసినట్టు తిప్పి చెక్కాలని తెల్వక
సీదా చెక్కిండు.
మూడు నెలల సీసలు తిరగబడ్డ "వి" తోటి
జమ్మికుంట దాక పోయినయి.
సేటు తిట్టలే.
"ఉల్టా అయితే ఏంది, నకలు ఎవడూ కొట్టలేడు" అన్నడు.

సీసమంటె పద్యమనుకునే గుమాస్త చక్రపాణి
జీతాలనాడు రాగం తీసేటోడు.
మా లెక్కలల్లనే గణాలు తప్పేటియి.

భట్టి ఆరొద్దు. అదొక్కటే సట్టం.
ఆరితే లోపలి గాజు గడ్డకట్టి
భట్టే పగులుతది.
బతుకమ్మకు ఆర్పలే.
సేటు పాడె గేటు దాటుతుంటె కూడ
లోపట గొట్టాలు ఊదుతనే ఉన్నయి.
చలికాలం రాత్రి డ్యూటీల
ఆ గోడకు వీపు ఆనించి
రొట్టె వేడి చేసుకునేటోళ్లం ఆడోళ్లం.

గోలీసోడా పోయింది.
దగ్గుమందు ప్లాస్టిక్కుల పడ్డది.
సేటు కొడుకు ఒకనాడు కొత్త ఆర్డరు తెచ్చిండు:
బొగ్గుపొడి కలిపిన గోధుమరంగు సీస,
పత్తి మందుకు.
మూడు షిఫ్టులు. ఓవర్‌టైం. నాకు కొత్త కుట్టుమిషను.
కొట్టిన, విన్న, పెట్టెల సదిరిన.
అన్నీ గంట లెక్కనే మోగినయి.

ఆ యేడు శాయంపేట దిక్కు
మా మేనబావ సారంగం
చెలకల పడి ఉన్నడంటె ఉరికినం.
అందరు ఆయన మొకం చూసిండ్రు.
నేను పక్కనున్న సీస అడుగు చూసిన.
"వి." సీదాగనే ఉంది.
ఎంత వద్దనుకున్నా
గోరు ఆగలే.
మంచి సీస. ఎక్కడా పగులు లేదు.

పెన్ను ఆపినవేంది?

రెండేండ్లకు కరెంటు కోసిండ్రు. భట్టి ఆరింది.
సల్లబడుతుంటె లోపటికెల్లి
టింగు, టింగు,
రాత్రంత మా వాడకు వినవడ్డది.
అన్నేండ్లు పగుళ్లు ఏరి పక్కకు పెట్టినదాన్ని,
గదొక్కటి ఎటు పెట్టాలె?

పిలగాడు రాసింది చదివి వినిపించిండు:
"స్థాపన. నష్టాలు. మూసివేత."
అచ్చరం తప్పు లేదు.

దూప అయితున్నదా?
గా గూట్లె సీస ఉంది, నీళ్లు తాగు.
ఇంకేమన్న రాసుకరమ్మన్నడా మీ మేనేజరు?
అంటె
అడుగు.
లేకుంటె తాగినంక ఆ సీసనే
వెల్తురుకు తిప్పి చూడు,
ఓదెలు చెయ్యి తప్పింది
ఇంకా అట్లనే ఉన్నది.